చుక్కలు పంపారా... నేల పంపారా?

సర్వే నుంచి త్రీడీ మోడల్ దాకా ఒక స్థలం నాలుగైదు ప్రోగ్రాములు దాటి వెళ్తుంది. దాటిన ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది. ఏది జారిందో కనిపెట్టగలిగే సివిల్, ఆర్కిటెక్చర్ కుర్రాళ్లకి ఆఫీసుల్లో గిరాకీ ఉంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది సంగతి. విశాఖపట్నం శివార్లలో కొండవాలు మీద ఎకరం పైచిలుకు స్థలం. సర్వేవాళ్లు టోటల్ స్టేషన్‌తో తీసిన లెవెల్స్ సివిల్ త్రీడీలో సర్ఫేస్‌గా తయారై ఉన్నాయి. దాన్ని రెవిట్‌లోకి తెచ్చి, ఆర్కిటెక్టు గీసిన బిల్డింగ్ కింద కూర్చోబెట్టడం నా పని. చుక్కలన్నీ ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను, రెవిట్‌లో తెరిచాను. పది నిమిషాల్లో నేల వచ్చేసింది. ఆకుపచ్చ రంగు వేసి, నాలుగు చెట్లు పెట్టి, బాగుందని స్క్రీన్‌షాట్ కూడా దాచుకున్నాను.

మూడు వారాల తర్వాత సైట్ నుంచి ఫోన్. 'బాబూ, మీరిచ్చిన లెవెల్ ప్రకారం ర్యాంప్ మార్కింగ్ చేశామండీ. ఇక్కడ చూస్తే ర్యాంప్ మొదలు గాల్లో ఉంది. కింద దాదాపు మీటరు ఖాళీ. జేసీబీ వచ్చి నిలబడింది, ఏం చెయ్యమంటారు?'

జేసీబీకి గంటల లెక్కన అద్దె. రెండు రోజులు అది ఊరికే నిలబడింది. ఆ రెండు రోజులూ నేను సర్వే తప్పని ఒకసారి, సాఫ్ట్‌వేర్ తప్పని ఒకసారి వాదించాను. మా సీనియర్ అంతా విని, నా ఫైల్ తెరిచి చూసి ఒకే మాట అడిగారు: 'నువ్వు చుక్కలు పంపావా, నేల పంపావా?'

ఈ రెండూ వేరువేరని నాకు అప్పటిదాకా తెలియదు. కాలేజీలో ఎవరూ చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ కోర్సులో ఏ బటన్ ఎక్కడుందో చెప్పారు, అంతే.

గట్టు ఎక్కడికి పోయింది?

సర్వే అంటే నేలంతా కొలవడం కాదు, కొన్ని వందల చుక్కల దగ్గర ఎత్తు కొలవడం. ఆ చుక్కల మధ్య నేల ఎలా ఉందన్నది ప్రోగ్రామ్ చేసే ఊహ. మూడేసి చుక్కల్ని కలుపుకుంటూ త్రిభుజాలు అల్లుతుంది. ఈ అల్లికనే టిన్ అంటారు. ఏ మూడింటిని కలపాలన్నదానికి ఎక్కువ ప్రోగ్రాములు వాడేది సోవియట్ గణితవేత్త బోరిస్ డెలానే 1934లో ప్రచురించిన సూత్రం. త్రిభుజం మూడు మూలల మీదుగా వృత్తం గీస్తే అందులో మరో చుక్క పడకూడదు, అంతే. సన్నటి పొడుగాటి త్రిభుజాలు వీలైనంత రాకుండా చేసే చక్కటి లెక్క. కానీ ఆ లెక్కకి గట్టు తెలీదు, కాలువ తెలీదు, రోడ్డు అంచు తెలీదు. ఏ చుక్క ఎంత దూరంలో ఉందో మాత్రమే తెలుసు.

మా సైట్ మధ్యలో పాత రాతిగట్టు ఒకటి ఉంది. ఎత్తు రెండు మీటర్లు. పై అంచు మీద సర్వే బృందం మూడు మీటర్లకో చుక్క తీసింది. కింది అంచు నిండా ముళ్లపొదలు. ప్రిజం పట్టుకుని నిలబడే వీల్లేక అక్కడ పది, పన్నెండు మీటర్లకో చుక్కతో సరిపెట్టారు. సివిల్ త్రీడీలో పనిచేసినాయన తెలివైనవాడు. ఆ కింది చుక్కల్ని వరసగా గీతతో కలిపి బ్రేక్‌లైన్‌గా పెట్టాడు. బ్రేక్‌లైన్‌ని దాటి ఏ త్రిభుజమూ అవతలికి వెళ్లదు. కాబట్టి అక్కడ గట్టు గట్టులాగే ఉంది.

నేను పంపింది చుక్కల జాబితా. గీత అందులో లేదు. రెవిట్ తనకొచ్చిన చుక్కలతో తన త్రిభుజాలు తాను అల్లుకుంది. కింది అంచున చుక్కల మధ్య పెద్ద పెద్ద ఖాళీలున్నాయి కదా, వాటిలోంచి త్రిభుజాలు పై అంచు నుంచి నేరుగా కింది మడిలోకి దూకేశాయి. నిటారు గట్టు కాస్తా ఏటవాలు దిబ్బ అయింది. మోడల్‌లో మట్టి ఉన్న చోట సైట్‌లో గాలి ఉంది. నేను ర్యాంప్ పెట్టింది సరిగ్గా అక్కడే.

ఒక్క చుక్క కూడా తప్పు కాదు, గమనించారా? సర్వే వాళ్లిచ్చిన ప్రతి లెవెల్ మిల్లీమీటరు తేడా లేకుండా రెవిట్‌లో ఉంది. నేల మాత్రం వేరే నేల.

మరి గట్టు పోకుండా పంపడం ఎలా? ప్రోగ్రామ్‌ని బట్టి దారి మారుతుంది. స్కెచప్, రైనో, బ్లెండర్ లాంటి వాటికి త్రిభుజాలనే పంపొచ్చు. సర్ఫేస్‌లోని త్రిభుజాల్ని త్రీడీ ఫేస్‌లుగా డీడబ్ల్యూజీ ఫైల్‌లో పెడితే అల్లిక అల్లికగానే దిగుతుంది. ల్యాండ్ఎక్స్ఎంఎల్ అనే ఫార్మాట్ ఉంది. అందులో చుక్కలతో పాటు ఏ చుక్క ఏ చుక్కతో కలిసిందో కూడా రాసి ఉంటుంది. నేలని నేలగా మోసేందుకు పుట్టిన ఫార్మాట్ అది. కాకపోతే అన్ని ప్రోగ్రాములూ దాన్ని నేరుగా చదవవు.

రెవిట్‌తో కాస్త జాగ్రత్త. 2024 వెర్షన్ నుంచి పాత టోపోసర్ఫేస్ పోయి టోపోసాలిడ్ వచ్చింది. పాతది పరిచిన దుప్పటి లాంటిది, మందం లేదు. కొత్తదానికి స్లాబ్‌లా మందం ఉంటుంది, తవ్వొచ్చు, పొరలు పెట్టొచ్చు. అయినా సీఏడీ ఫైల్ నుంచో చుక్కల ఫైల్ నుంచో తయారుచేస్తే అది కూడా చుక్కల్నే తీసుకుని సొంతంగా అల్లుకుంటుంది. సివిల్ త్రీడీ నుంచి సర్ఫేస్‌ని ఆటోడెస్క్ క్లౌడ్‌లోకి పబ్లిష్ చేసి, రెవిట్‌లో లింక్ టోపోగ్రఫీగా తెచ్చుకునే దారి 2019 వెర్షన్ నుంచీ ఉంది. ఆఫీసులో ఆ లైసెన్సు ఉంటే ముందు దాన్నే చూడండి. లేదు, చుక్కలే పంపక తప్పదు అంటే బ్రేక్‌లైన్ పొడవునా అర మీటరుకో చుక్క అదనంగా పుట్టించి, వాటినీ కలిపి పంపాలి. ఖాళీలు లేకపోతే త్రిభుజాలు దూకడానికి చోటుండదు. ఆ రోజు మా సీనియర్ నాతో చేయించింది ఇదే. ఇరవై నిమిషాల పని.

కంటూర్లతో పంపితే ఏమవుతుందని అడుగుతారు. చాలా ఆఫీసుల్లో చేసేది అదే. స్కెచప్‌లో శాండ్‌బాక్స్ పనిముట్లు కంటూర్ల నుంచి నేల అల్లిపెడతాయి. మామూలు వాలుకి పర్వాలేదు. కానీ కొండ నెత్తిన ఆఖరి కంటూర్ లోపల చూడండి. త్రిభుజం మూడు మూలలూ ఒకే కంటూర్ మీద పడతాయి, మూడింటిదీ ఒకటే ఎత్తు. అక్కడ నిజంగా శిఖరం ఉన్నా మోడల్‌లో నెత్తి కోసేసినట్టు బల్లపరుపుగా వస్తుంది. పల్లంలోనూ అంతే. ఇంకో తమాషా ఉంది. కొందరు డ్రాఫ్టింగ్ వాళ్లు పాత పీడీఎఫ్ మీద కంటూర్లు ట్రేస్ చేసి, పక్కన 42, 43 అని అక్షరాలు రాసి వదిలేస్తారు. ప్లాన్‌లో చూస్తే అన్నీ సరిగ్గా ఉంటాయి. త్రీడీలో తెరిస్తే పెనం మీది దోసెలా చదును. గీతకి ఎత్తు సున్నా, ఎత్తు ఉన్నదంతా పక్కన రాసిన అక్షరాల్లోనే! ఏ కంటూర్ ఫైల్ వచ్చినా ముందు ఎదురు నుంచి, అంటే ఫ్రంట్ వ్యూలో ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

ఆరిజిన్‌కి దూరమైతే వణుకుతుంది

నేల సరిగ్గానే దిగింది అనుకుందాం. ఎక్కడ దిగింది?

సర్వే ఫైళ్లు ఎక్కువగా యూటీఎం కోఆర్డినేట్లలో వస్తాయి. మధురవాడ ప్రాంతంలో ఒక చుక్క తీసుకుంటే తూర్పు విలువ దాదాపు 7 లక్షల 49 వేల మీటర్లు, ఉత్తరం విలువ 19 లక్షల 71 వేల మీటర్ల పైన ఉంటుంది. ఉత్తరం విలువని భూమధ్యరేఖ నుంచి లెక్కపెడతారు కాబట్టి అంత పెద్ద సంఖ్య. సర్వే ప్రోగ్రాములకి ఇది మామూలే. బిల్డింగ్ గీసే ప్రోగ్రాములకి కాదు.

కారణం సింపుల్. గ్రాఫిక్స్ పనిలో ఎక్కువగా 32 బిట్ల సంఖ్యలు వాడతారు. వాటిలో నిఖార్సుగా నిలిచేది ఏడు అంకెల దాకానే. 19 లక్షల దగ్గర ఇలాంటి ఒక సంఖ్యకీ దాని పక్క సంఖ్యకీ మధ్య దూరం 0.125. అంటే మీటర్లలో అయితే పన్నెండున్నర సెంటీమీటర్లు. మధ్యలో ఎక్కడో ఉండాల్సిన చుక్క అటో ఇటో జరగాల్సిందే. అందుకే స్క్రీన్ తిప్పుతుంటే గీతలు వణుకుతాయి, గోడలు ఒకదాన్లో ఒకటి దూరినట్టు కనిపిస్తాయి, స్కెచప్‌లో దగ్గరికి జూమ్ చేస్తే మోడల్ సగం కోసుకుపోయి మాయమవుతుంది. కంప్యూటర్ పాడైందని గ్రాఫిక్స్ కార్డు మార్చినవాళ్లు నాకు తెలుసు. రెవిట్ అయితే తన ఆరిజిన్ నుంచి 10 మైళ్ల లోపు, అంటే దాదాపు 16 కిలోమీటర్ల లోపు ఉంటేనే పూచీ అంటుంది. 19 లక్షల మీటర్లంటే 1,900 కిలోమీటర్లు మరి.

దీనికి కొందరు చేసే వైద్యం మొత్తం నేలని మౌస్‌తో పట్టుకుని ఆరిజిన్ దగ్గరికి లాగేయడం. లేదా ఇంపోర్ట్ చేసేటప్పుడు 'సెంటర్ టు సెంటర్' నొక్కేయడం. అప్పటికి హాయిగా ఉంటుంది. వారం తర్వాత స్ట్రక్చరల్ వాళ్ల ఫైల్ ఒక చోట, రోడ్ల ఫైల్ ఇంకో చోట, మీ నేల మరో చోట దిగుతాయి. ఎంత జరిపారో ఎవరికీ గుర్తుండదు. జరపడం తప్పు కాదు, రాసిపెట్టకుండా జరపడం తప్పు. గుండ్రటి సంఖ్య ఎంచుకోండి. తూర్పు నుంచి 7,49,000, ఉత్తరం నుంచి 19,71,000 తీసేశాం అని ఫైల్ పేరులోనే రాసేయండి. రెవిట్‌లో షేర్డ్ కోఆర్డినేట్లు ఉన్నది ఇందుకే. ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో కూడా నాలుగో వెర్షన్ నుంచి ఈ జరిపిన లెక్క రాసుకోవడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది.

ఇక్కడే ఇంకో మాట. యూటీఎంలో భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోశారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడూ 44వ జోన్‌లో ఉన్నాయి. అనంతపురం 43లో ఉంది, ఇచ్ఛాపురం 45లో ఉంది. అనంతపురం ఫైల్‌కి అలవాటు కొద్దీ 44 అని పెట్టారో, మీ సైట్ ఆరు డిగ్రీలు తూర్పుకి జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది.

ఉత్తరం ముందా, తూర్పు ముందా?

చుక్కల ఫైల్ తెరిస్తే కనిపించేవి కామాలతో విడదీసిన అంకెలు. ఏ గడి దేనిదో చాలాసార్లు రాసి ఉండదు. సర్వేవాళ్ల అలవాటు ముందు చుక్క నంబరు, తర్వాత ఉత్తరం, తూర్పు, ఎత్తు, చివర వివరణ. రెవిట్ కోరేది ముందు ఎక్స్, తర్వాత వై, తర్వాత జెడ్. అంటే తూర్పు, ఉత్తరం, ఎత్తు. సర్వే ఫైల్‌ని యథాతథంగా రెవిట్‌కి ఇస్తే చుక్క నంబరుని తూర్పు అనుకుంటుంది, తూర్పుని ఎత్తు అనుకుంటుంది. మీ స్థలం 749 కిలోమీటర్ల ఎత్తున లేస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేదే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో.

ఈ తప్పుతో ప్రమాదం లేదు. చూడగానే అందరూ నవ్వుతారు, సరిచేస్తారు. ప్రమాదం నంబరు గడి తీసేసి, ఉత్తరం-తూర్పు తారుమారైనది మాత్రం అలాగే వదిలేసినప్పుడు. అప్పుడు నేల అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఎత్తులు సరిపోతాయి, విస్తీర్ణం సరిపోతుంది, కంటూర్లు అందంగా ఉంటాయి. మన వాస్తు భాషలో చెప్పాలంటే ఈశాన్యం ఈశాన్యంలోనే ఉంటుంది, నైరుతి నైరుతిలోనే ఉంటుంది. ఆగ్నేయం, వాయవ్యం మాత్రం చోట్లు మార్చుకుంటాయి. ఈశాన్యం మూల ఒక్కటే చూసి సరిపెట్టుకున్నవాళ్లకి ఈ తప్పు దొరకదు. ఒక కర్ణం మీద కాకుండా నాలుగు మూలలూ చూడాలి.

మైనస్‌లో కొండ

తూర్పు, ఉత్తరాల్లో తప్పు జరిగితే కంటికి కనిపించే అవకాశం ఉంది. ఎత్తులో తప్పు అలా కనిపించదు, ఎందుకంటే నేలంతా ఒకేసారి లేస్తుంది లేదా దిగుతుంది. ఆకారం మారదు.

మన దగ్గర సైట్ ఇంజనీర్లు పక్కనున్న కల్వర్టు మీదో, ఎదురింటి గుమ్మం మీదో ఒక గుర్తు పెట్టి, దాన్ని టీబీఎం 100.000 అనుకుని లెవెల్స్ తీస్తారు. ఆ వంద ఎవరో అనుకున్న వంద. సముద్ర మట్టంతో దానికి సంబంధం లేదు. మన దేశపు అసలు బెంచ్‌మార్కుల లెక్క 1909 నాటి సముద్ర మట్టం మీద నిలబడింది. అప్పటి భారతదేశంలో తొమ్మిది చోట్ల ఆటుపోట్లు కొలిచి దాన్ని నిర్ణయించారు, వాటిలో విశాఖ ఒకటి. ఇప్పుడు డ్రోన్లు, డీజీపీఎస్ వచ్చాక మూడో రకం ఎత్తు కూడా వచ్చి చేరింది. శాటిలైట్ నుంచి వచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, ఎలిప్సాయిడ్ అనే గణిత రూపం మీద నుంచి. మన కోస్తాలో ఈ రెండింటికీ తేడా పదుల మీటర్లు. సముద్రం పక్కన ముప్పై మీటర్ల ఎత్తున్న దిబ్బని డీజీపీఎస్‌తో కొలిచి, సరిదిద్దకుండా మోడల్‌లో పెడితే దాని ఎత్తు మైనస్‌లో చూపిస్తుంది. డ్రోన్ ఫైల్ చేతికొస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ ఎత్తు ఎక్కడి నుంచి?

ఇది చిన్న ఆఫీసుల్లో కుర్రాళ్లు చేసే పొరపాటనుకోకండి. జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో లాఫెన్‌బర్గ్ దగ్గర రైన్ నది మీద రెండు దేశాలూ చెరో వైపు నుంచి వంతెన కట్టుకుంటూ వచ్చాయి. జర్మనీ వాడే సముద్ర మట్టానికీ, స్విట్జర్లాండ్ వాడే మట్టానికీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని అందరికీ ముందే తెలుసు. లెక్కలో సరిచేశారు కూడా. కానీ కూడాల్సిన చోట తీసేశారు. 2003లో చూసుకుంటే రెండు వైపులకీ తేడా 27 పోయి 54 సెంటీమీటర్లయింది. జర్మనీ వైపు పని సవరించి వంతెన పూర్తి చేశారు. తేడా ఉందని తెలియకపోవడం ఒక రకం, తెలిసి తప్పు గుర్తు వేయడం ఇంకో రకం. మోడల్ జరిపేటప్పుడు ప్లస్సా మైనస్సా అన్నది కాగితం మీద చిన్న బొమ్మ గీసుకుని చూడటం నామోషీ కాదు.

యూనిట్ల గొడవ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో. సర్వే మీటర్లలో వస్తుంది, రెవిట్ మోడల్ మిల్లీమీటర్లలో ఉంటుంది, మేస్త్రి అడుగుల్లో అడుగుతాడు. డీడబ్ల్యూజీలో యూనిట్ రాయకపోతే ఇంపోర్ట్ చేసే ప్రోగ్రామ్ తనకి తోచింది అనుకుంటుంది. ఓబీజే, ఎస్‌టీఎల్ ఫైళ్లలోనైతే ఈ అంకె మీటరా మిల్లీమీటరా అన్నది అసలు ఉండదు. అమెరికా ప్రాజెక్టులు చేసే హైదరాబాద్ ఆఫీసుల్లో చేరేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. అక్కడ రెండు అడుగులున్నాయి. ఒకటి మామూలు అడుగు, 0.3048 మీటర్లు. ఇంకోటి సర్వే అడుగు, మీటరుని 3937తో భాగించి 1200తో గుణిస్తే వచ్చేది. తేడా పది లక్షలకి రెండు. ఇంటి కొలతలో లెక్కలోకి రాదు. 20 లక్షల అడుగుల కోఆర్డినేట్ మీద మాత్రం నాలుగు అడుగులు జరుగుతుంది. 2022 చివరితో సర్వే అడుగుకి అధికారికంగా స్వస్తి చెప్పారు, కానీ పాత ప్రాజెక్టుల ఫైళ్లు అలాగే వస్తూనే ఉంటాయి.

'ఇది కరెక్టేనా?' అంటే

ఇంతసేపూ తప్పుల గురించి చెప్పాను. మీ మోడల్ సరైనదే అని చూపించడం ఎలా?

నేను ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను, దీనికి ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. సర్వేవాళ్లు పనిలో ఉన్నప్పుడే ఐదారు చుక్కలు అదనంగా తీయమంటాను. వాటిని సర్ఫేస్‌లో కలపను, పక్కన పెడతాను. నేల చివరి ప్రోగ్రామ్‌లోకి దిగాక ఆ ఐదారు చోట్లా మోడల్ ఎంత ఎత్తు చూపిస్తోందో చదివి, కొలిచిన ఎత్తు పక్కన రాస్తాను. మోడల్ తయారీలో వాడిన చుక్కల్ని మళ్లీ సరిచూస్తే లాభం లేదు, అవి ఎలాగూ సరిపోతాయి. నా గట్టు కథలో జరిగిందదే. చుక్కల మధ్య ఏం జరిగిందో చెప్పగలిగేది చుక్కల మధ్య తీసిన చుక్కే.

రెండోది, అనుమానం ఉన్న చోట రెండు ప్రోగ్రాముల్లోనూ ఒకే గీత మీద సెక్షన్ కోసి ఒకదానిమీద ఒకటి పెట్టి చూడటం. గట్టు, కాలువ, రోడ్డు అంచు, స్థలం హద్దు. హద్దు దగ్గర ప్రత్యేకంగా చూడాలి. స్థలం 'ఎల్' ఆకారంలో ఉంటే, బౌండరీ గీత ఇవ్వకపోతే, ప్రోగ్రామ్ లోపలికి వంగిన మూలని పొడుగాటి త్రిభుజాలతో కప్పేస్తుంది. పక్కవాళ్ల స్థలం కూడా మీ మోడల్‌లో మట్టి అయిపోతుంది.

మూడోది ఘనపరిమాణం. ఒక లెవెల్ ఎంచుకుని దానిపైన ఎంత మట్టి ఉందో రెండు చోట్లా లెక్కేయండి. ఎందుకింత పట్టింపు అంటారా? ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నేల సగటున పది సెంటీమీటర్లు తేడాగా దిగితే 405 ఘనపు మీటర్ల మట్టి లెక్క తప్పుతుంది. ట్రిప్పుకి పది ఘనపు మీటర్లు మోసే టిప్పర్‌తో నలభై ట్రిప్పులు. పది సెంటీమీటర్లు స్క్రీన్ మీద ఎవరి కంటికీ ఆనదు. నలభై ట్రిప్పుల బిల్లు ఆనుతుంది.

సర్వే క్యాంప్ డేటా పారేయకండి

సివిల్ డిప్లొమా, బీటెక్ చదివేవాళ్లందరూ ఏదో ఒక ఏడాది సర్వే క్యాంప్‌కి వెళ్తారు. ఎండలో స్టాఫ్ పట్టుకుని నిలబడతారు, లెవెల్ బుక్ నింపుతారు, మార్కులు పడ్డాక ఆ పుస్తకం అటక ఎక్కుతుంది. అది మీ మొదటి ప్రాజెక్టు. నాలుగు మెరకలు, ఒక కాలువ, ఒక గోడ ఉన్న చిన్న స్థలం చాలు. విద్యార్థులకి ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్ ఏడాదికోసారి రెన్యువల్‌తో ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్, బ్లెండర్ ఎవరికైనా ఉచితం. స్కెచప్‌కి బ్రౌజర్‌లో నడిచే ఉచిత వెర్షన్ ఉంది.

సొంత సర్వే లేదంటే హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఊరి చుట్టూ కొండలు, లోయలు చూపించడానికి బాగుంటుంది. అయితే దాంట్లో చుక్కకీ చుక్కకీ మధ్య సుమారు 30 మీటర్లు. ఎకరానికి నాలుగైదు చుక్కలు. దాని మీద ర్యాంప్ లెవెల్ పెట్టేరు సుమా! ప్రాక్టీసుకీ, వెనకాల బ్యాక్‌డ్రాప్‌కీ మాత్రమే.

ఒకే నేలని రెండు దారుల్లో పంపి చూడండి, ఒకసారి చుక్కలుగా, ఒకసారి త్రిభుజాలుగా. తేడా ఎక్కడ వచ్చిందో సెక్షన్ కోసి, ఒక ఏ3 షీటు మీద పెట్టండి. పోర్ట్‌ఫోలియోల్లో రెండరింగులు అందరూ పెడతారు. సూర్యాస్తమయం, నీటి మడుగు, కుక్కని తిప్పుతున్న పెద్దమనిషి... ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని రోజుకి ఇరవై చూస్తారు. ఈ షీటు చూడరు.

కిందటేడు మా ఆఫీసులో జూనియర్ పోస్టుకి ఇంటర్వ్యూలు జరిగినప్పుడు నేనూ కూర్చున్నాను. ఒకమ్మాయి తన కాలేజీ గ్రౌండ్ మోడల్ తెచ్చింది. చూడటానికి సాదాసీదాగా ఉంది, రంగులు కూడా లేవు. రెండో పేజీలో ఆరు చుక్కల పట్టిక ఉంది. ఐదు చోట్ల తేడా రెండు, మూడు సెంటీమీటర్లు. ఒక చోట పదకొండు. అదేంటమ్మా అని అడిగాం.

'అది డ్రైన్ అంచు సార్. అక్కడ బ్రేక్‌లైన్ ఇవ్వడం మర్చిపోయాను. తర్వాత ఇచ్చి చూస్తే మూడుకి తగ్గింది, కానీ మొదటి అంకె కూడా ఉంచాను' అంది.

మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ డ్రైన్ గురించే నడిచింది.